చేపనూనె పట్టించిన సైకిలు

భోగాపురం, 9-8-68

నాన్నగారికి పద్మ నమస్కారాలు. నేను సైకిలు మీంచి పడ్డానని సోములు చిన్నాన్న చెప్పింది నిజమే. మోకాలు గీరుకుంది, అంతే. మా ఆసుపత్రి జీపుకు అప్పటికి పది రోజులుగా పెట్రోలు లేదు. జాలారిపేటలో మరిడమ్మకు నొప్పులని కబురొస్తే సైకిలు మీదే వెళ్లి కాన్పు చేశాను. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. నేను లోపలుండగా మరిడమ్మ అత్త, తాతమ్మ అని ఆవిడ పేరు, చైను కీచుమంటోందని, తెప్పలకు రాసే చేపనూనె దానికి బాగా పట్టించింది. తిరిగొస్తుంటే పేటలోని పిల్లులన్నీ నా వెనకే. నవ్వాపుకోలేక తుమ్మకంపలో పడ్డాను. తప్పు సైకిలుది కాదు.

అమ్మ చెవిపోటు తగ్గిందా? గేదె ఈనిందా? సైకిలు మీద మెట్ట దిగేటప్పుడు తొక్కకుండా కాళ్లు చాపి కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో, అది మాత్రం అమ్మకు చదివి వినిపించకండి.

సైకిలు వెనక్కి పంపేసి జీపులోనే తిరగమని రాశారు. నిన్న పెట్రోలు వచ్చింది. పసిదాన్ని చూడ్డానికి జీపులోనే వెళ్లాను. ఆ చప్పుడుకి పేటలో ఆడవాళ్లంతా కంగారుగా బయటికొచ్చారు. తాతమ్మ నా చెయ్యి పట్టుకుని, "జీపొస్తే ఎవులికో పేనం మీదకొచ్చినాదనుకుంటాం. సైకిలొస్తే నువ్వొచ్చినావనుకుంటాం, తల్లీ" అంది.

అమ్మకు, చిన్నాన్నకు నా నమస్కారాలు. సైకిలు పంపను, కోప్పడకండి. చైనుకి ఆముదం సీసా ఒకటి మీరే పంపండి.

మీ పద్మకుమారి