మా ఫొటోల్లో వెనక నిలబడ్డ మనిషి

ఆగస్టు 18, సోమవారం
ఉరుకుంద జాతర నుంచి మధ్యాహ్నానికి ఎమ్మిగనూరులో ఇంటికి చేరాం. శ్రావణ సోమవారం... బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మా అమ్మాయి మేఘన జాతర ఫొటోలన్నీ నా ఫోన్‌లోకి పంపింది. పనిలో పనిగా గోడ మీది మా అక్క ఫొటో కూడా తీసి పెట్టింది.
అన్నం తింటుంటే ఫోన్ అడిగింది — వీళ్ళిద్దరూ ఒకరేనా?
ఒక ముఖం అక్కది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆదోని స్టూడియోలో దిగింది. రెండోది నిన్నటి జాతరలోది. నా కూతురి భుజం వెనక, జనంలో, నెత్తిన కొంగు కప్పుకున్న ఒకావిడ.
'తెలియదు' అని నొక్కాను. అన్నం సగంలోనే వదిలేశాను.

ఆగస్టు 19
అక్క పోయి ఇరవై ఏళ్ళు. చేనికని పోయింది, సాయంత్రం రాలేదు. ఎవరితోనో వెళ్ళిపోయిందన్నారు. ఉరుకుందమ్మ అన్న పేరే ఇంట్లో ఎత్తనివ్వలేదు నాన్న, చివరి దాకా.

ఆగస్టు 20
ఆదోని బస్టాండు దగ్గరి నెట్ సెంటర్ గుర్తొస్తోంది. చెక్క గదులు, పచ్చ పరదాలు. పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి, దుబాయిలో ఉన్నవాళ్ళకు రాయడానికి జనం కాచుకుని కూర్చునేవాళ్ళు. దాన్ని నడిపే ఖాదర్ అన్న అక్క ఫొటో స్కాన్ చేసి, తప్పిపోయినవాళ్ళ పేజీలో పెట్టాడు. కింద నేనే ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ తెలుగు కొట్టాను — అక్కా, ఎక్కడున్నా ఇంటికి రా.
"యాడో ఒగరు సూస్తారు లేమ్మా."
ఏడాది పాటు ప్రతి ఆదివారం పోయాను. జవాబు వచ్చిందా అన్నా? రాలేదమ్మా.
అప్పట్లో ఇంటర్నెట్ అంటే బస్సెక్కి దాని దగ్గరికి పోవడం, అడగడం. ఇప్పుడు అంగన్‌వాడీలో రోజూ ఒక్కొక్క పిల్ల ముఖం ఫోన్‌కు చూపించి హాజరు వేస్తున్నాను. నేను దాన్ని ఏదన్నా అడిగి ఎన్నాళ్ళయిందో.

ఆగస్టు 21
పొద్దున ఫోన్ మళ్ళీ అదే అడిగింది. 'ఒకరే' అని నొక్కాను.
టీ మరిగేలోపల పదకొండు ఫొటోలు తెచ్చి ముందు పెట్టింది.
ఎమ్మిగనూరు సంతలో. మేఘన బడి వార్షికోత్సవంలో, కుర్చీల వెనక. ఆదోని బస్టాండులో. మరిది పెండ్లిలో కూడా... పందిరి గుంజ పక్కన. ఎనిమిదేళ్ళుగా పోగైనవి. మేము తీసుకున్నవే, మేము నవ్వినవే. ఆమెను ఒక్కరమూ చూడలేదు. ఆమె ఏ ఫొటోలోనూ కెమెరా వైపు చూడలేదు — మేఘన వైపే.
మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాడు.
"ఎవురినో పట్టుకోని అక్క అంటావేమే? ఫోనుకేం తెలుసు? తీసెయ్ అయ్యన్నీ."
తీయలేదు.

ఆగస్టు 24, ఆదివారం
పెద్దకడుబూరు, పుట్టింటికి పోయాను. అమ్మ ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఎవరని అడగలేదు.
"ఉరుకుందమ్మ రాదు లే. రావద్దని సెప్పినా కదా."
ఎప్పుడమ్మా?
"నువ్వు ఆదోనికి పోయిన ఒగ ఆదివారం. కంప్యూటర్‌లో తీసిన కాయితం పట్టుకోని వచ్చింది. నా పోటో ఏసి ఎతుకుతాండారంట కదమ్మా, అని వాకిట్లో నిలబడింది. నీకు పెండ్లి కుదిరిన వారమే అది. మీ నాయిన సేనికాడ ఉండాడు. నీళ్ళు గూడా ఇయ్యలేదు నేను. పో అన్నా. మల్లా ఈ గడప తొక్కొద్దన్నా."
ఆ తర్వాత కూడా నన్ను ఆపలేదు అమ్మ. ఆదివారం పొద్దున రొట్టె కట్టిచ్చేది. బస్సు దాకా వచ్చేది.
జవాబు మా ఇంటికే వచ్చిందన్నమాట. నేను పచ్చ పరదా వెనక కూర్చున్నాను.

ఆగస్టు 25
అంగన్‌వాడీకి పోలేదు. జ్వరమని చెప్పాను.

ఆగస్టు 26
మేఘనకు చూపించాను. జడ వేసుకుంటూ, తల తిప్పకుండానే —
"ఈ పెద్దమ్మా? బడి గేటు కాడ కనపడతాది మా. మీ అమ్మ బాగుండాదా అని అడుగుతాది."
ఎన్నాళ్ళ నుంచి?
"సిన్నప్పటి నుంచి."
పేరు?
"అడిగితే నవ్వుతాది."
నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?
"నీకు తెలుసు అనుకున్యా. నీ మాదిరే ఉంటాది కదా."


ఆగస్టు 28
బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టారు. పిల్లలు ఒక్కసారిగా బయట పడ్డారు. రోడ్డుకు అవతల, చెరకురసం బండి పక్కన ఆమె. నెత్తిన కొంగు.
దాటి పోయి ఎదురుగా నిలబడ్డాను. అక్కా, అన్నాను.
ఆ కళ్ళు, ఆ చెంపలు వెతికాను. ఫోన్‌కు తెలిసిన మనిషి నాకు తెలియడం లేదు. పంతొమ్మిదేళ్ళ ముఖం తప్ప నా దగ్గర ఇంకేం ఉంది?
"ఎవురు కావల్లమ్మా నీకు?"
గొంతు అమ్మది. అచ్చం అమ్మది.
రమ్మని రాసింది నేనేనని చెప్పాలనుకున్నాను...  ఆమె కొంగు సర్దుకుంది. ఆదోని బస్సు వచ్చింది, ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని చూస్తూనే ఉంది.
నా పక్కకు వచ్చి నిలబడ్డ మేఘన ఆమెకు చెయ్యి ఊపింది.
నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను.
ఎందుకు దించానో...