మీరు రంగులేసిన లైట్‌హౌస్

ఏవండీ,

లక్షద్వీప్‌లో మీరు రంగులేసి వచ్చిన లైట్‌హౌస్‌ని అత్తయ్యా నేనూ చూసొచ్చాం. మీరు పోయిన దగ్గర్నుంచీ ఆవిడది ఒకటే మాట, "వాడు ఆఖరున పనిచేసిన చోటు చూడాలే." ఈ వయసులో సముద్రం మీద ప్రయాణమేంటని బందర్లో మనవాళ్లంతా కోప్పడ్డారు. నేను చిలకలపూడిలో గాజుల పనికి సెలవు పెట్టి, కొచ్చిలో ఓడ ఎక్కించేశాను.

పొద్దున్నే ఓడ దీవికి కాస్త దూరంలో ఆగితే మమ్మల్ని చిన్న పడవల్లోకి దింపారు. మీరు ఫోన్లో చెప్పినట్టే నీళ్ల అడుగున పగడాల దిబ్బలు కనిపిస్తున్నాయి. అత్తయ్య వాటివైపు చూడనే లేదు. ఆవిడ చూపంతా ఆ తెల్లటి స్తంభం మీదే.

"పెద్దావిడ కిందే కూర్చుంటే మంచిది" అన్నాడు లైట్‌హౌస్ మెట్ల దగ్గర గైడు. అత్తయ్య కుచ్చెళ్లు ఎగదోపుకుని ఎక్కడం మొదలుపెట్టింది. మోకాళ్లు మొరాయిస్తే మెట్టు మీద కూర్చుని వెనక్కి జరుగుతూ ఎక్కింది. పట్టుకోబోతే నన్ను కసిరింది. పైన వరండాలోకి చేరాక గోడ తడిమి, "వాడు వేసిన రంగేనా?" అంది.

ఈమధ్యే మళ్లీ రంగులేశారని అక్కడి ఉద్యోగి హిందీలో చెప్పాడు.

"ఏమంటాడే?"

అబద్ధం చెబుదామనుకున్నాను. అంత కష్టపడి ఎక్కిన మనిషితో అబద్ధమాడటానికి నోరు రాలేదు. ఉన్నమాటే చెప్పాను.

ఆవిడ మళ్లీ గోడ తడిమింది. "పైపూత ఎవరిదైతే ఏంలే, అడుగున నా కొడుకుది ఉంటుందిగా" అంటూ నా చెయ్యి లాగి గోడకి ఆనించింది.

ఎండకి గోడ వెచ్చగా ఉందండీ.