కిటికీ పగలగొట్టింది నేనొక్కణ్ణే

మన కాలేజీ సోదర సంఘాధ్యక్షుడు గ్రాంట్‌కి,

పక్కింటి హాల్వర్సన్ మామ్మగారి కిటికీ నేను విసిరిన మంచుముద్దకే పగిలింది. డీన్ గారి ముందు ఒప్పుకుందామని నోరు తెరిచేలోపే మన హాస్టలంతా లేచి "నేనే", "నేనే" అంది. ఆ రోజు ఊళ్లోనే లేని డెక్స్టర్ కూడా! మన సంఘం ప్రమాణంలో సోదరభావం పక్కనే నిజాయితీ అని కూడా ఉంది కదరా, ఎవరూ చదివి చావలేదా?

నిన్న క్షమాపణ చెప్పడానికి మామ్మగారి దగ్గరికి వెళ్లాను. "నువ్వూ వచ్చావా నాయనా? మీవాళ్లంతా వరసగా వచ్చి, పగలగొట్టింది తామేనని చెప్పి వెళ్లారు. కిటికీకి మాత్రం ఇంకా అట్టముక్కే. చలికి చస్తున్నాను" అంది.

రేపు అద్దం నేనే బిగిస్తాను. నిచ్చెన ఒక్కటి పంపు చాలు. నీకు పుణ్యముంటుంది, సోదరుల్ని మాత్రం పంపకు.

ఇట్లు,
అసలు దోషి