ఆయన ఊపిరి కొలత

ఏప్రిల్ 29

రెడ్డిగూడెం నుంచి బంగినపల్లి మామిడికాయల లోడు వచ్చింది. దింపించడానికి వెళ్ళిన మా ఆయన కొట్టు మెట్ల మీదే కూలబడ్డారు. “ఎండ” అన్నారు. ఎండ కాదు. మొన్న వానలోనూ ఇంతే... నాకు భయంగా ఉంది. సీజనని ఆయన ఎన్ని చెప్పినా రేపు బెజవాడ తీసుకెళ్ళాల్సిందే.

ఏప్రిల్ 30

ఊపిరి పరీక్ష. నోట్లో గొట్టం, ముక్కుకి క్లిప్పు. “గట్టిగా పీల్చి ఊదండి సార్, ఊదండి, ఆపకండి” — పరీక్ష చేసే అమ్మాయి గొంతు చించుకుంటోంది. ఈయన ఊదరే. ముక్కు మూయగానే బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టేశారు. ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, నాకు మాత్రం ఎందుకో తెలుసు. కాయ మగ్గబెట్టే గదిలోకి ఇలాగే వెళ్ళేవారు, అక్కడ పెట్టే కార్బైడ్ పొడి గాటు తగలకుండా. ఒంటికి అదే అలవాటైపోయింది. ఎన్నిసార్లు చేయించినా అంతే.

“ఇది లెక్కలోకి రాదమ్మా, సోమవారం మళ్ళీ రండి” అందా అమ్మాయి.

లెక్కలోకి రాదంటే ఎంత ఊరటగా ఉందో. పిరికిదాన్ని.

మే 2

కార్బైడ్ మానేసి చాన్నాళ్ళయింది. అదీ తనిఖీలకి భయపడి. మనం మానేస్తే అది మనల్ని వదిలేస్తుందా?

సోమవారం

ఈసారి పక్కనే నిలబడ్డా. “ఇది మగ్గబెట్టే గది కాదండీ... వదిలెయ్యండి” అన్నా. వదిలారు. మొహం కందిపోయేదాకా.

డాక్టరు కాగితం చూసి, “ఉండాల్సిన దాంట్లో సగమే ఉందమ్మా. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి” అన్నాడు. ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నారు. బస్సు ఆగిరిపల్లి దాటాక ఒక్క మాట — “కొట్లో ఎవరికీ చెప్పకు.”

మంగళవారం

ఆయన అన్నం తింటున్నా ఛాతీ వంకే చూస్తున్నా. “ఏంటలా చూస్తావు” అని విసుక్కున్నారు.

గురువారం

డాక్టరిచ్చిన మూడు బంతుల డబ్బా. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు లేవాలి. ఆయనకి రెండు లేచాయి, మూడోది కదిలి పడిపోయింది. “చూశావా” అని మురిసిపోయారు.

ఆయన స్నానానికి వెళ్ళాక గొట్టం కడిగా. కడిగి, ఊరికే పీల్చి చూశా.

ఒకటే లేచింది.

కూర్చుని మళ్ళీ పీల్చా. ఆ ఒక్కటే... అదీ సగం దాకా. అన్నేళ్ళూ ఆ కార్బైడ్ పొడి పొట్లాలు కట్టింది నేనే కదా. తలుపులేసుకుని, వంటింట్లో.

తల తుడుచుకుంటూ వచ్చారు. “నువ్వూ పీల్చి చూశావా? ఎన్ని లేచాయి?”

మూడూ అన్నాను.