ఆపా తీసిన కాలువ

ఆగస్టు 12
రైతువేదికలో మీటింగ్. వాన తీరు మారింది, నెలంతా పడాల్సింది ఒక్క పూటలో పడుతోంది, నీళ్లు నిలపడమే కాదు, వదలడమూ నేర్చుకోండి అన్నాడు వ్యవసాయాధికారి. కాలువకు సర్కారు సాయం ఉందట. మావాళ్లంతా నవ్వారు. కరువు చూసిన ఊరు మాది, చుక్క పోనిస్తామా? మా ఆయన మొన్న ఎండాకాలమే గట్టు ఇంకా ఎత్తు చేశాడు.
చేయెత్తింది రహీమా ఆపా ఒక్కతే. ఊరందరికీ అక్కలాంటిది, అందుకే అందరూ ఆపా అనే పిలుస్తారు.

ఆగస్టు 20
మా కింది చేను ఆపాది. బతుకమ్మకు బంతి వేసింది. మేడ్చల్ మార్కెట్లో ఆ పూలు అమ్ముకునే ఏడాది గడుపుతుంది. అలాంటిది మంచి సాళ్లు పీకేసి వాగు దాకా కాలువ తీస్తోంది. మా ఆయన ఉండబట్టలేక, "పూలచెట్లు పీకి కాల్వ తీసుడేంది ఆపా?"
"నీళ్లకు తొవ్వ ఇయ్యకుంటే అవే జేసుకుంటయి తమ్మీ." తల కూడా ఎత్తలేదు.
ఏం మనిషో... ముచ్చటేసింది.

సెప్టెంబర్ 3
ఒకటే ఎండ. ఊళ్లో ఆపా కాలువ మీద జోకులు. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వుతోంది.

సెప్టెంబర్ 24
రాత్రంతా కుండపోత వాన. తెల్లారేసరికి మా మక్కచేను చెరువైంది. కంకులు గట్టిపడే వేళ... మొదళ్లు కుళ్లితే ఇక అంతే. ఎత్తు చేసిన గట్టు చుక్క కూడా పోనివ్వడం లేదు. మా ఆయన పార పట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. తెంపితే నీళ్లు ఆపా బంతిలోకే.
ఆపానే వచ్చింది. "తెంపు తమ్మీ. మీ నీళ్లు గూడ పట్టాల్ననే గంత వెడల్పు తీసిన."
ఆయన లేవలేదు. పార గుంజుకుని మొదటి దెబ్బ తనే వేసింది. ఆమెను చూస్తుంటే ఏడుపొచ్చింది నాకు.

సెప్టెంబర్ 25
మా నీళ్లు కూడా కాలువ పట్టింది. మా చేను సగం నీళ్లలోంచి బయటపడింది. బంతి నిలబడే ఉంది— అంచు సాలు తప్ప. పొద్దున్నే మా ఆయన ఆపా చేలో, కాలువ ఒడ్డుకు మట్టి వేస్తూ. ఎవరూ పిలవలేదు.

సెప్టెంబర్ 26
ఎల్లుండి పూలు కోయాలి. మళ్లీ పెద్ద వాన ఉందని ఫోన్లో మెసేజ్. దుండిగల్ దిక్కు అప్పుడే కురుస్తోందట.
"గండి పూడుస్త ఆపా. ఇంకో వాన నీ కాల్వల పట్టదు, పూలు పోతయి."
"మరి మీ మక్క?"
ఆయన గండి వైపు కదిలితే ఆపా పార పట్టుకుంది. పార కర్ర ఒక కొస ఈయన చేతిలో, ఇంకో కొస ఆమె చేతిలో. ఇద్దరూ వదలరు. షామీర్‌పేట వైపు మబ్బు కమ్ముకొస్తోంది...