సీసా మీద రాసింది నమ్మొచ్చా?

సురబాయా,
మంగళవారం.

అమ్మకి అక్కగా పుట్టి, అమ్మ పోయాక నాకు అమ్మే అయిన బుదే వార్సిని గారికి తిర్తో సలాములు.

నేను కులాసా. మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయని తలుస్తాను. బస్సు డ్రైవరు ఙాది గారి చేత మీరు పంపిన వెన్న బిస్కెట్ల డబ్బా అందింది. ఆఫీసులో అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, గొప్పగా మూత తీశాను. పైన బియ్యపు వడియాలు, అడుగున బొత్తాలు! మా గుమాస్తా ఒకాయన తొందరపడి ఒక బొత్తం నమిలేశాడు కూడా. మీ చేతికి చిక్కిన డబ్బా దేనికి పుట్టిందో ఆ పని మళ్ళీ చెయ్యదని తెలిసీ తెరిచాను చూడండి, నాదే బుద్ధి తక్కువ.

అసలు సంగతికి వస్తాను. కుస్మి గురించి చెప్పాను కదా. వాళ్ళ అమ్మానాన్నలు వచ్చే ఆదివారం సిదొఆర్జో నుంచి నా ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళమ్మ మర్యాతున్ గారు శుభ్రతకి పెట్టింది పేరు. ఏ ఇంటికెళ్ళినా చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో నేల రాసి చూస్తుందట. ఆవిడ ఊఁ అంటేనే పెళ్ళి. సిగ్గు విడిచి రాస్తున్నాను బుదే, కుస్మి కాకపోతే నాకింకెవరూ వద్దు. మీరొచ్చి నా పక్కన కూర్చోవాలి.

మీ
తిర్తో

తా.క. బొత్తాలన్నీ జాగ్రత్తగా ఏరి పెట్టాను, నమిలినది కూడా.


ఙంజుక్,
గురువారం.

ఒరే తిర్తో, దీవెనలు.

ఇది పాత కాలెండరు కాగితం. వెనకవైపు పంచాంగం చూసి ఉత్తరం ఎప్పటిదో అని కంగారు పడకు. మోకాళ్ళు నన్ను వాకిలి దాటనివ్వడం లేదు, బస్సెక్కనిస్తాయా? నా బదులు రెండు సీసాలు పంపుతున్నాను.

ఒకటి నా తొక్కల నీళ్ళు. నారింజ తొక్కలు, తాటిబెల్లం, నీళ్ళు కలిపి నెలల తరబడి ఊరబెట్టాను. బకెట్టు నీళ్ళలో కాస్త పోసి, నీ చిరిగిన బనీను ముక్కతో నేల తుడిస్తే అందులో మొహం చూసుకోవచ్చు. ఆవిడ బొటనవేలు జర్రున జారాలి! రెండోది నారింజ షర్బతు, వచ్చినవాళ్ళకి ఐసు వేసి ఇవ్వడానికి. ఏది ఏదో నన్ను మళ్ళీ అడగక్కర్లేదు. సీసాల మీద రాసే ఉంది. చదువుకున్నవాడివి కదా, చదువుకో.

నీ బుదే
వార్సిని

తా.క. ఇంట్లో బెల్లం ఊట పెట్టి సారా కాస్తున్నానని పక్కింటావిడ మసీదు పెద్దకి చెప్పింది. ఆయన మొహం ఎర్రగా చేసుకుని వచ్చి, వాసన చూసి, మసీదులో కాళ్ళు కడుక్కునే చోటు తుడవడానికని రెండు డబ్బాలు మోసుకెళ్ళాడు.


సురబాయా,
సోమవారం.

బుదే గారికి, మీ దురదృష్టవంతుడు రాసేది.

కొంప మునిగింది.

రెండు సీసాలూ ఎదురుగా పెట్టుకుని బాగా ఆలోచించాను. ఒకదాని మీద 'నారింజ షర్బతు' అని ఉంది. రెండోదాని మీద 'నేల తుడిచే మందు' అని ఉంది. రెండూ నారింజ వాసనే. నేను మీ చేతి కింద పెరిగినవాడిని. సబ్బు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో మేకులు చూసినవాడిని. సీసాల మీద రాసి ఉందని మీరన్నది కూడా నన్ను ఆట పట్టించడానికే అనుకున్నాను. అంచేత షర్బతు సీసాలో ఉన్నదాంతో ఇల్లంతా తుడిచాను. ఇంకా మెరవాలని సీసా మొత్తం పోశాను. నేల మందు సీసాలోదానికి ఐసు వేసి, పుల్లగా తగిలితే పంచదార కలిపి, గ్లాసుల్లో పోశాను.

మర్యాతున్ గారు బొటనవేలు ఆనించారు. అది మళ్ళీ పైకి రాలేదు. పక్కకి తిప్పి ఊడదీసుకోవాల్సి వచ్చింది. అందరం చాప మీద కూర్చున్నాం. కుస్మి వాళ్ళ నాన్న హాజీ దుల్కమిద్ గారు లేవబోతే చాప కూడా ఆయన లుంగీతో పాటు లేచింది. ఇంతలో తలుపు కింద నుంచి చీమలు పెళ్ళివారిలా బారులు తీరి వచ్చాయి.

"ఇదేం పానీయం నాయనా?" అని అడిగారు ఆవిడ, ఒక గుక్క తాగి. "మా బుదే చేతి జమూ కషాయం అండీ, ఒంటికి మంచిది" అనేశాను. ఆవిడ ఒకటి కాదు, రెండు గ్లాసులు తాగారు! వెళ్ళేటప్పుడు మాత్రం ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. కుస్మి వెనక్కి తిరిగి ఒక్కసారి చూసింది. ఆ చూపు తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఆ సీసాల్లో ఏముందో ఇప్పుడైనా చెప్పండి.

తిర్తో

తా.క. చీమలు ఇంకా వెళ్ళలేదు. చుట్టాల్ని కూడా పిలిచినట్టున్నాయి.


ఙంజుక్,
బుధవారం.

ఒరే అప్రాచ్యుడా!

షర్బతు సీసాలో ఉన్నది షర్బతేరా! నా జన్మలో మొదటిసారి కొట్టుకెళ్ళి, మూత ఊడని కొత్త సీసా కొన్నాను. నీ పెళ్ళి మాట అనుకున్నాక పాత సీసాలో పంపడానికి మనసొప్పలేదు. దాంతో నేల తుడిచావా! నేల మందు సీసాలో ఉన్నది నేల మందే. కొన్నది అయిపోయాక నా తొక్కల నీళ్ళు నింపాను. సీసా ఒక్కసారి నిజం చెప్తే నమ్మేవాడే లేకపోయె.

హాజీ గారింట్లో మనుషులు కదరా వాళ్ళు! మక్కా వెళ్ళొచ్చినవాళ్ళకి బెల్లం ఊట తాగిస్తావా? అంత షర్బతూ చీమల పాలు చేస్తావా? ఏడవాలో నవ్వాలో తెలియక, నిన్న కాసేపు ఏడ్చి తర్వాత నవ్వాను.

వార్సిని

తా.క. రెండు గ్లాసులా? అసలు వాళ్ళది ఎలాంటి వంశమో కనుక్కో.


సురబాయా,
శనివారం.

బుదే గారికి,

ఇది ఇంకో పిడుగు. మర్యాతున్ గారు మనిషి చేత కబురు పంపారు. "ఆ కషాయం ఇంకో సీసా కావాలి. అది వచ్చాకే మా మాట చెప్తాం" అన్నారట.

నిజం చెప్తే పిల్ల దక్కదు. చెప్పకపోతే కాబోయే అత్తగారు బతికినంత కాలం నేల మందు తాగుతుంది. ఆవిడకేమైనా అయితే కుస్మి మొహం ఎలా చూడను? దారి చూపించండి.

తిర్తో

తా.క. నేను కూడా ఒక గ్లాసు తాగాను. ఒంట్లో బాగానే ఉంది. అదే భయంగా ఉంది.


ఙంజుక్,
సోమవారం.

ఒరే వెర్రి నాగన్నా,

ఇంత చిన్న విషయానికి నిజందాకా ఎందుకురా? ఆవిడ కషాయం అడిగింది, కషాయమే ఇద్దాం. పసుపు, అల్లం, చింతపండు, తాటిబెల్లం వేసి చిక్కగా మరిగించాను. మొన్నటి సీసా లాంటిదే ఇంకోటుంటే అందులో పోశాను, ఆవిడకి అనుమానం రాకుండా. ఙాది గారి బస్సులోనే వస్తోంది. తీసుకెళ్ళి చేతిలో పెట్టు, నోరు మూసుకుని తిరిగి రా. మొన్నటిదేదో, ఇదేదో ఎవరికీ తెలియదు. ఆరోగ్యానికి ఆరోగ్యం, పెళ్ళికి పెళ్ళి.

నీ బుదే
వార్సిని

తా.క. నీ మొహం చూసి ఎవరైనా నిజం పట్టేస్తారు. సీసా ఇచ్చేటప్పుడు తల వంచుకో.


సిదొఆర్జో,
ఆదివారం.

వార్సిని గారికి మర్యాతున్ సలాములు.

మనం ఎప్పుడూ చూసుకోలేదు. మీ అబ్బాయి దగ్గర చిరునామా తీసుకుని రాస్తున్నాను. ఆ రోజు మొదటి గుక్కలోనే నాకు తెలిసిపోయింది, అది నేల తుడిచే తొక్కల నీళ్ళని. మా పెరట్లోనూ అనాస తొక్కలు ఊరుతుంటాయి. బాగా పులిసి, మత్తు పోయి వెనిగరై పోయింది కాబట్టి దోషం లేదని మావారికి నేనే సర్దిచెప్పాను. మరి తెలిసీ ఎందుకు తాగావంటారా? గ్లాసులో పోసింది పారబోయడం నాకు చేతకాదు. రెండో గ్లాసు మావారిది. ఆయన గుట్టుగా పూలకుండీలో వంపబోతుంటే లాక్కుని తాగేశాను.

ఇంకో సీసా అడిగింది తాగడానికి కాదండీ! మా స్నానాలగది తెల్ల గచ్చు. మూల పాచి నా అనాస నీళ్ళకి లొంగడం లేదు. మీ నారింజ ఘాటు చూసి ఆశ పడ్డాను. మీ అబ్బాయి తల వంచుకుని సీసా ఇచ్చి పారిపోయాడు. మీద రాసిందీ నేల మందే, నాకు తెలిసిందీ నేల మందే. మూత తీసి గచ్చంతా పోసి, ఒక రాత్రి నాననిచ్చాను.

తెల్లారి చూస్తే గది గదంతా పసుపుపచ్చ! పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతుంటే మీ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "మొన్న మీరు తాగింది కషాయం కాదండీ, నేల మందు. అబద్ధమాడాను. నిన్నటిదే నిజం కషాయం. కుస్మిని ఇవ్వకపోయినా సరే, ఆ మొదటిది మాత్రం మళ్ళీ తాగకండి" అన్నాడు. అప్పుడు చూశాడు నా గచ్చు. నా చేతిలో బ్రష్షు తీసుకుని కూర్చున్నాడు. కుస్మి నీళ్ళు పోసింది. ఇద్దరూ సాయంత్రందాకా రుద్దారు, నవ్వారు. పసుపు పోలేదు.

అంత కష్టపడి ఆడిన అబద్ధాన్ని చివరిదాకా దాచుకోలేని కుర్రాడు. వాడికి కాక నా పిల్లని ఇంకెవరికిస్తాను? ముహూర్తం మీరే పెట్టండి. వీలైనంత తొందరగా పెట్టండి, మన మధ్య ఇంకో సీసా మారకముందే.

మీ వియ్యపురాలు
మర్యాతున్

తా.క. సీసా అడుగున కషాయం కొంచెం మిగిలింది. పారబోయలేదు, మావారి చేత తాగిస్తున్నాను. అది నేల మందేనని ఆయన నమ్మకం. అయినా తాగుతున్నారు పాపం.