దర్జీ నోట నిజం

మార్చి 3, సోమవారం. ఉదయం 6.10

తీర్మానం! నేటి నుంచి ముప్ఫై రోజులు నా నోట అబద్ధం రాదు. అవునంటే అవును, కాదంటే కాదు. అంతకు మించి పలికేదంతా ఎవడి సరుకో ప్రభువు ఏనాడో చెప్పేశాడు.

కారణం రాసి పెడతాను. నిన్న పాస్టరుగారికి జ్వరం. వాక్యం నేనే చెప్పాను. యాభై నిమిషాలు! అంశం: అననీయ, సప్పీరా, పొలం అమ్మిన డబ్బు దగ్గర అబద్ధమాడి చచ్చిపడిన మొగుడూ పెళ్లాలు. ఉతికి ఆరేశాను. ముందు వరుసలో కోశాధికారి తల వంచేసుకున్నాడు. (పశ్చాత్తాపం అనుకున్నాను. నిద్రట.) బయటికి వస్తుంటే మెట్ల మీద హెడ్ నర్సు అడ్డం నిలబడింది.

"అన్నయ్యా, వాక్యం అదిరింది. నా కోటు ఎప్పుడిస్తావు? రేపు, రేపు అంటూ మూడు ఆదివారాలు దాటించావు. సప్పీరాకి మూడు గంటలే టైమిచ్చారు."

అందరూ నవ్వారు. పాస్టరమ్మ కూడా.

నవ్వనీ. సున్నం కొట్టిన సమాధుల మధ్య ఒక్క దర్జీ అయినా నిజం చెబుతాడని చూపిస్తాను.

ఇక నుంచి చెల్లని మాటలు:
1. రేపు సాయంత్రం ఇచ్చేస్తా.
2. కటింగ్ అయిపోయింది.
3. మిషను బెల్టు తెగింది.
4. కాజాలు మాత్రమే మిగిలాయి.

నాలుగోది అన్నిటికన్నా మేలైన అబద్ధం. గుండీలకి కాజాలు కుట్టేది మా ఆవిడ కనుక నింద తనంతట తానే అటు వెళ్లిపోతుంది. ఇరవై రెండేళ్ల నుంచీ వెళుతోంది.

ఉదయం 9.20. హెడ్ నర్సు కొట్టుకే వచ్చింది. చెప్పేశాను: "ఇంకా కత్తెర పెట్టలేదమ్మా." నోరెళ్లబెట్టింది. గుడ్డ సంచీలో కుక్కుకుని వెళ్లిపోయింది. నీతి కోసం హింస మొదలైంది! స్తోత్రం!

మార్చి 4, మంగళవారం

కాలేజీ లెక్చరరు వచ్చాడు. ప్యాంటు బిగుతైందట, నేను కొలత తప్పానట.

"కొలత తప్పలేదు సార్. మీ నడుము నాలుగంగుళాలు పెరిగింది. కడుపే దేవుడైన వాళ్ల గతేమిటో గ్రంథంలో ఉంది, చదవమంటారా?"

చదవమనలేదు. వెళ్లిపోయాడు.

సత్యం రెండంచుల కత్తి. మరి నాకున్నది కత్తెర, దానికీ రెండంచులే! ఈ మాట ప్రసంగంలో వాడాలి.

మా ఆవిడ కాజా కుడుతూనే అంది: "దేవుడు నిజం చెప్పమన్నాడు గాని, నిజంతో కొట్టమన్నాడా?"

డైరీ తీసి రాసుకున్నాను: గ్రంథంలో బిలాము గాడిద కూడా మాట్లాడింది.

రాత్రి 9.00. ఆవిడ డైరీ చదివింది. "గాడిద ఎవరండీ?" అని అడిగింది. నిజం చెప్పాలి గదా. ఈ పూట అన్నం నేనే వడ్డించుకున్నాను.

మార్చి 6, గురువారం

డ్రైవరు బాబాయి వచ్చాడు. ఎదురింటి మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటాడు. ముప్ఫై నాలుగేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయి తొమ్మిదేళ్లు. భక్తులంటే ఒళ్లు మంట. "మీవాళ్లకి ఆదివారం ఒక గేరు, సోమవారం ఒక గేరు" అనడం ఆయనకి అలవాటు.

చొక్కా ఏమైందన్నాడు.

"ముట్టుకోలేదు బాబాయ్. సోమవారం ముట్టుకుంటా. బుధవారానికి అవుతుంది."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నా మొహంలోకి చూశాడు.

"పదకొండేళ్ల నుంచీ ఈ కొట్టుకొస్తున్నా. నీ నోట నిజం వినడం ఇదే మొదలు. ఒంట్లో బాలేదా అబ్బాయ్?"

తీర్మానం సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సువార్త ఎక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టాలి అని అడిగాడు!

పదిహేనేళ్లు గొంతు చించుకున్నాను. మైకులు మూడు పాడయ్యాయి. ఒక్కడు కదలలేదు. ఒక్క "ముట్టుకోలేదు" అనే మాటకి కదిలాడు.

మార్చి 9, ఆదివారం

బాబాయి చర్చికి వచ్చాడు! చివరి బల్ల. పాస్టరుగారు తప్పిపోయిన కుమారుడి గురించి చెప్పారు. అయ్యాక బాబాయి లేచి, "అయ్యగారూ, చిన్నవాడి సంగతి సరే, ఇంటి దగ్గరే ఉండి మండిపోయిన పెద్దవాడు చివరికి లోపలికి వచ్చాడా లేదా?" అన్నాడు. పాస్టరుగారు నీళ్లు తాగారు.

మార్చి 13, గురువారం

బాబాయి తెల్లగుడ్డ తెచ్చాడు. బాప్తిస్మం తీసుకుంటాడట! ఇరవై మూడో తేదీ ఆదివారం. నీళ్లలో మునిగేటప్పుడు వేసుకునే అంగీ నేనే కుట్టాలట.

కొట్లో ఎవరూ లేరు. చెప్పాడు.

"మీ పిన్ని ఆస్పత్రిలో ఉన్నప్పుడు సాయంత్రానికి వచ్చేస్తానన్నా. డబుల్ డ్యూటీ పడితే కాదనలేదు. పొద్దున్నే వెళ్లా. మంచం ఖాళీగా ఉంది. వాకిలి వైపే చూస్తూ పోయిందట, పక్క మంచం ఆవిడ చెప్పింది. ఆ ఒక్క మాట ఉందే... అది కడుక్కోవాలబ్బాయ్."

టేపు తీసి ఆయన ఛాతీ కొలిచాను.

"ఇరవై రెండుకి ఇస్తావా?"

"ఇస్తాను."

"అవునంటే అవునేనా?"

"అవునంటే అవునే బాబాయ్!"

ఛాతీ 38, పొడవు 54, మెడ దగ్గర మూడు గుండీలు. గుడ్డ బల్ల కింద భద్రంగా పెట్టాను.

మార్చి 15, శనివారం

నా పేరు పాకింది. మార్కెట్ వీధి చర్చి సంఘం వాళ్లు పిలిచారు, సాక్ష్యం చెప్పమని. గోడ మీద కాగితం కూడా అంటించారు: "నిజం చెప్పే దర్జీ." ఫొటోలో కాస్త లావుగా ఉన్నాను.

మైకు ముందు నిలబడి, నిజం చెప్పినందుకు ముగ్గురు గిరాకీలు (నర్సు, లెక్చరరు, నిన్న ఇంకొకాయన) పోయారని చెప్పబోయాను. నోటి చివర ముప్ఫై అయింది. జనం "ఆహా" అన్నారు.

ఇది అబద్ధం కాదు. చొక్కాకి చంకల దగ్గర కాస్త వదులు ఇవ్వకపోతే చెయ్యి పైకి లేవదు. సాక్ష్యమూ అంతే.

మార్చి 17, సోమవారం

ఇంకా రెండు సంఘాల నుంచి పిలుపు. మిషను మీద దుమ్ము. కోత విస్తారం, పనివాళ్లు కొద్దిమంది! ఇంటి చాకిరీలో మునిగిన మార్తలాగా గుడ్డల్లో పడి కొట్టుకోవడం నా పని కాదు. నాది ప్రభువు మెచ్చిన ఆమె చెల్లెలు మరియ భాగం.

"మరియ కూర్చుని విన్నదండీ. మైకు పట్టుకోలేదు" అంది మా ఆవిడ.

ఈమెకి గ్రంథం నేర్పింది నేనే. తప్పు చేశాను.

మార్చి 18, మంగళవారం. ఉదయం 10.30

ప్రార్థన కూడికకి బయల్దేరుతుంటే బ్యాంకావిడ ఫోను. స్కర్టు ఏమైందని.

"అయిపోయిందమ్మా, కాజాలు మాత్రమే మిగిలాయి."

అదే వచ్చేసింది! తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. ఆ స్కర్టుకి కాజాలే లేవు. జిప్పు.

ఉదయం 10.50. ఆలోచించాను. వేగులవాళ్ల కోసం రాహాబు అబద్ధమాడలేదా? అబ్రాహాము భార్యని చెల్లెలనలేదా? విశ్వాసుల తండ్రి కన్నా నేను ఎక్కువవాణ్ణా? పైగా నేను వెళ్లేది దేవుడి పని మీద. ఆవిడ వేసుకునేది ఆఫీసు విందుకి. లోకాశ!

లెక్కలోకి రాదు.

మార్చి 20, గురువారం

బాబాయి వచ్చాడు. క్షవరం చేయించుకున్నాడు. పదేళ్లు తగ్గినట్టున్నాడు.

"ఎంతవరకు వచ్చిందబ్బాయ్?"

గుడ్డ సంచీ నా కాలికి తగులుతూనే ఉంది. మడత కూడా విప్పలేదు.

"అయిపోయినట్టే బాబాయ్. కాజాలే."

"నువ్వు చెప్పాక ఇంకేముంది" అని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. పదకొండేళ్లలో మొదటిసారి రెండోమాటు అడగకుండా వెళ్లాడు.

మా ఆవిడ సూది పట్టుకుని వచ్చి నిలబడింది. "మూడు కాజాలు. పది నిమిషాల పని. ఇవ్వండి, కుట్టేస్తా. అంగీ ఏదీ?"

రేపు కుడతానన్నాను. నిజంగానే అన్నాను. అన్నప్పుడు నిజమే.

మార్చి 21, శుక్రవారం

కుట్టలేదు. ఉపవాస కూడిక. అంశం: మాట నిలబెట్టుకునే దేవుడు. చెప్పింది నేనే.

మార్చి 22, శనివారం

మధ్యాహ్నం దాకా ఇంకో సంఘంలో ప్రసంగం. 3.30కి కొట్టు తెరిచాను.

4.00. కత్తెర పెట్టాను.

4.20. బాబాయి ఫోను. "రావాలా?" "వద్దు బాబాయ్, రేపు నేరుగా చర్చికే తెస్తా." "సరేలే."

5.15. చేతులు కుట్టడం అయింది.

5.25. రెండూ కుడి చేతులే!!

5.30. మిగిలిన ముక్కలు చూశాను. చేతిరుమాలుకి కూడా చాలవు. గుడ్డల కొట్టు ఇవాళ తెరవలేదు. మా ఆవిడ పక్క వీధి దాకా వెళ్లి చూసి వచ్చింది.

"ఇప్పుడే వెళ్లి చెప్పండి. ఎదురిల్లే గదా. రోడ్డు దాటితే చాలు" అంది.

దాటలేదు. ప్రార్థన చేసుకున్నాను. మోకాళ్ల మీద ఉన్నవాణ్ణి ఎవరూ లేపరు గదా.

మార్చి 23, ఆదివారం

రాయాలి. రాస్తాను.

బాప్తిస్మపు తొట్టి చుట్టూ సంఘమంతా నిలబడింది. బాబాయి పాత చొక్కాతోనే ఉన్నాడు. ఒక కాలు నీళ్లలో పెట్టి ఎంత చల్లగా ఉన్నాయో చూసుకుంటున్నాడు. పాస్టరుగారు నా వైపు తిరిగారు.

"అంగీ ఏదయ్యా?"

అందరూ నన్నే చూశారు. ముందు హెడ్ నర్సు. "కుట్టలేదు" అంటే సరిపోయేది. నాలుగక్షరాల మాట.

"ఇస్త్రీలో కాలిందయ్యగారూ. మా ఆవిడ కాస్త ఏమరపాటుగా..."

ప్రభువుని ఎరగనని పేతురు బొంకినప్పుడు కోడి కూసింది. ఇక్కడ ఏదీ కూయలేదు.

బాబాయి మా ఆవిడ వైపు చూశాడు. "నిజమేనా అమ్మాయ్?"

ఆమె చాలాసేపు నేల చూసింది. ఇరవై రెండేళ్ల కాజాలు లెక్కపెట్టుకుందేమో. తల ఎత్తింది.

"ఇస్త్రీపెట్టె నేను ముట్టుకోలేదు బాబాయ్‌గారూ. అంగీ అయితే గదా కాలడానికి."

బాబాయి కాలు బయటికి తీశాడు.

"ఇవాళ వద్దయ్యగారూ. నేను కడుక్కుందామని వచ్చిన మురికే ఈ నీళ్లలో పోశారు."

నడవా పొడవునా ఒక్క కాలి తడి అడుగులు. గుమ్మం దాకా లెక్కపెట్టాను. పదమూడు.

మార్చి 24, సోమవారం

కొట్టు తెరవలేదు. మా ఆవిడ నాతో మాట్లాడిన మాటలు రెండు: "కాజాలిక మీరే కుట్టుకోండి." "రోడ్డు ఇంకా అక్కడే ఉంది."

సాకులు వెతికాను. సాతాను శోధించాడు అని రాసి కొట్టేశాను. పాపం, వాడికి నా దగ్గర పనేముంది? వాడు చేయవలసిందంతా నేనే చేసి పెడుతున్నాను, కాజాలతో సహా.

ఉదయం 11.00. రోడ్డు దాటాను. మేడ మెట్లెక్కాను. బాబాయి గిన్నెలు కడుగుతున్నాడు. వెనక్కి తిరగలేదు. వీపుకే చెప్పాను. గుడ్డ విప్పలేదని, కాజాలన్నది అబద్ధమని, రెండూ కుడి చేతులని, ముగ్గుర్ని ముప్ఫై మందిని చేశానని, నింద ఆవిడ మీద వేశానని.

"అయిందా?"

"ఇంకా ఉన్నాయి."

"చెప్పు. గిన్నెలూ ఉన్నాయి."

చెప్పాను. గిన్నెలు అయిపోయాయి. నావి అవలేదు. చివరికి చేతులు తుడుచుకుని ఇటు తిరిగాడు.

"పొద్దుటిదాకా నా కోపం దేవుడి మీద అనుకున్నా. చదువుకుంటూ కూర్చుంటే తెలిసింది. మాట తప్పింది ఆయన కాదు, నువ్వు. మునుగుతాలే. ఎప్పుడన్నది ఆయనా నేనూ తేల్చుకుంటాం. నీ అంగీ కోసం ఆగను."

"నన్ను క్షమించావా బాబాయ్?"

ఆలోచించాడు. మొహమాటానికి అనేస్తాడనుకున్నాను. అనలేదు.

"నిజం చెప్పాలంటే, ఇంకా లేదబ్బాయ్."

ఇన్నేళ్లలో నేను విన్న ప్రసంగాలన్నిటిలోకీ చిన్నది. నేను చెప్పినవి కూడా కలిపి.

మార్చి 25, మంగళవారం. ఉదయం 6.00

మొదటి రోజు. తీర్మానం: ముప్ఫై రోజులు కాదు. అంత పొగరు వద్దు. ఈ మధ్యాహ్నం పన్నెండు దాకా అబద్ధం ఆడను. పన్నెండుకి మళ్లీ చూసుకుందాం.

7.30. మా ఆవిడకి క్షమాపణ చెప్పాను. "వింటున్నా" అంది. అంతే.

9.15. బ్యాంకావిడ వచ్చింది. కాజాలు లేవు, స్కర్టూ లేదు అని చెప్పాను. గుడ్డ తీసుకుపోయింది. స్తోత్రం అనబోయి ఊరుకున్నాను. పోయింది నా తప్పు వల్ల.

11.10. మార్కెట్ వీధి సంఘం పెద్ద ఫోను. ఆదివారం మళ్లీ వచ్చి సాక్ష్యం చెప్పాలట.

"రానండీ. నేను అబద్ధాలకోరుని."

"ఆహా! ఎంత వినయమండీ మీది!"

ఫోను పెట్టేశాక ఐదు నిమిషాలు లోలోపల తియ్యగా ఉంది. ఎంత తియ్యగా ఉందో రాయడానికే సిగ్గుగా ఉంది.

11.25. నేనే మళ్లీ ఫోను చేశాను.

"అది వినయం కాదండీ. మీ మైకులో ముప్ఫై మంది అన్నాను. పోయింది ముగ్గురే. ఆదివారం మీ జనానికి చదివి వినిపించండి."

"మరి గోడ మీద కాగితం?" అన్నాడాయన.

"చింపేయండి."

11.40. ప్రభువా, ఇంకో ఇరవై నిమిషాలు.